92 స్లయిడ్‌ల పీపీటీని ఆన్‌లైన్ ట్రైనింగ్‌గా మార్చే ముందు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీది హైదరాబాద్ శివార్లలో మాత్రలు తయారుచేసే ఫార్మా ప్లాంటు. లాగ్‌బుక్, బ్యాచ్ రికార్డు (ఒక్కో విడత తయారీలో ఏమేం చేశారో రాసే పత్రం) ఎలా రాయాలో చెప్పే 92 స్లయిడ్‌ల పీపీటీ ఒకటి ఉంది. ఇన్నాళ్లూ దాన్ని క్లాసులో చూపించి చెప్పేవారు. ఇప్పుడు మూడు వారాల్లో ఆన్‌లైన్ కోర్సుగా మార్చి, దాదాపు 400 మంది ఆపరేటర్లు, హెల్పర్లతో పూర్తి చేయించమని మీ మేనేజర్ అన్నారు. లెర్నింగ్ డిజైన్ సూత్రాల్లో ఏవి ముందు పట్టుకోవాలి, ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి అని అడిగారు.

సాఫ్ట్‌వేర్ సంగతి చివర్లో చెప్తాను. నేను ఏడేళ్లు ప్రొడక్షన్‌లో పనిచేసి, పదకొండేళ్లుగా ట్రైనింగ్‌లో ఉన్నాను. ఈ అనుభవంతో మీకు ముందు చెప్పాలనిపిస్తున్నది ఇది: పీపీటీలో ఏముందో అక్కణ్ణుంచి మొదలుపెట్టకండి. ఆపరేటర్ చేతిలో పెన్ను ఉంది, ఎదురుగా రికార్డు తెరిచి ఉంది. ఆ క్షణంలో అతను ఏం చేయాలి, ఇప్పుడు ఏం చేస్తున్నాడు? మీ కోర్సు అక్కణ్ణుంచి మొదలవ్వాలి. మీరు చదివిన సూత్రాలన్నీ ఆ క్షణం కోసమే పనికొస్తాయి.

తొమ్మిదేళ్ల కిందట నేను చేసిన మొదటి ఆన్‌లైన్ కోర్సు సరిగ్గా ఇలాంటి పీపీటీ నుంచే వచ్చింది. ప్రతి స్లయిడ్‌కీ తెలుగు వాయిస్ పెట్టించాను. చివర పది ప్రశ్నల క్విజ్. అందరూ పాసయ్యారు, సర్టిఫికెట్లు ఫైల్లోకి వెళ్లాయి. మూడు నెలలు పోయాక క్యూఏ (నాణ్యత చూసే విభాగం) వాళ్లు బ్యాచ్ రికార్డులు చూస్తే పాత తప్పులు అలాగే ఉన్నాయి. ముడిసరుకు తూచి ఇచ్చే డిస్పెన్సింగ్‌లో అయితే మరీ ఎక్కువ. బ్యాలెన్స్ ప్రింటవుట్ మీద 11:42 అని ఉంటే రికార్డులో 11:30 అని ఉండేది.

అప్పుడు వెళ్లి రెండు షిఫ్టులు డిస్పెన్సింగ్ దగ్గరే నిలబడ్డాను. బూత్‌లు రెండు, బ్యాలెన్స్‌లు రెండు, లాగ్‌బుక్ మాత్రం ఒక్కటే. అదీ బయట గదిలో స్టీల్ టేబుల్ మీద, పక్కన దారంతో కట్టిన పెన్నుతో. లోపల గౌను, గ్లవ్స్ వేసుకున్న మనిషి బయటికొచ్చి రాసి మళ్లీ లోపలికి వెళ్లాలంటే గ్లవ్స్ మార్చుకోవాలి. అందుకని నాలుగైదు తూకాలు అయ్యాక ఒకేసారి వచ్చి, గుర్తున్న టైములు వేసేసేవారు. ఎవరిని అడిగినా "ఎప్పుడు చేస్తే అప్పుడే రాయాలి సార్" అని తడుముకోకుండా చెప్పారు. నేను కోర్సులో నేర్పింది వాళ్లకు ముందే తెలుసు. రెండో లాగ్‌బుక్ ఇప్పించి, బూత్ పక్కన గోడకి చిన్న స్టాండు బిగించాక ఆ తప్పు దాదాపు కనిపించకుండా పోయింది. దానికోసం నేను చేసిన ఇరవై స్లయిడ్‌లు ఎవరికీ అక్కర్లేదు.

థామస్ గిల్బర్ట్ అనే అమెరికన్ 1978లోనే దీన్ని ఒక పద్ధతిగా చెప్పారు. పని సరిగా జరగనప్పుడు ముందు మనిషి చుట్టూ ఉన్నవి చూడాలి. అతనికి సమాచారం అందుతోందా, పనిముట్లు సరిగా ఉన్నాయా, సరిగా చేస్తే మేలు జరుగుతోందా లేక ఇబ్బంది ఎదురవుతోందా. మనిషికి తెలుసా, చేతనవుతుందా అన్నది ఆ తర్వాత. మన దగ్గర వరుస తిరగబడింది. ఏ డీవియేషన్ (పద్ధతి తప్పిన ఘటన) వచ్చినా కాపా ఫారంలో (తప్పును సరిదిద్ది, మళ్లీ జరక్కుండా ఏం చేశారో రాసే ఫారం) "ఆపరేటర్‌కు రీట్రైనింగ్ ఇవ్వబడింది" అని రాసి మూసేస్తారు. రెండో లాగ్‌బుక్ కొనడం కంటే అది సులువు కాబట్టి.

అందుకే మొదటి వారం మీరు కంప్యూటర్ ముందు కూర్చోకండి. క్యూఏ దగ్గరికి వెళ్లి గత ఆరు నెలల డీవియేషన్లు, బ్యాచ్ రికార్డు రివ్యూలో వాళ్లు రాసిన కామెంట్లు తీసుకోండి. ఒక్కో తప్పు ఒక్కో చీటీ మీద రాయండి. తర్వాత ఫ్లోర్ మీదికి వెళ్లి, నైట్ షిఫ్ట్ తప్పకుండా కలుపుకుని, చూడండి, అడగండి. ఆ చీటీలు మూడు కుప్పలవుతాయి. తెలియక చేసినవి, కుదరక చేసినవి, భయపడి చేసినవి.

ఈ మూడో కుప్ప గురించి ఒక మాట. తప్పు అంకె పడితే గీత కొట్టి సరిచేయొచ్చని దాదాపు అందరికీ తెలుసు. అయినా మీద దిద్దుతారు, పేజీ మార్చేస్తారు. ఎందుకంటే గీతలు ఎక్కువ ఉన్న రికార్డు చూసి సూపర్‌వైజర్ అందరి ముందూ తిట్టి ఉంటాడు. అలాంటి చోట ఆపరేటర్‌కి మీరు ఎంత మంచి కోర్సు పెట్టినా లాభం లేదు, కోర్సు కావలసింది సూపర్‌వైజర్‌కి. రెండో కుప్ప, మూడో కుప్ప తీసుకుని మేనేజర్ దగ్గర కూర్చోండి. మొదటి కుప్ప మీది. అది మీరు అనుకున్నదానికంటే బాగా చిన్నదిగా ఉంటుంది, మూడు వారాల్లో పూర్తయ్యేది కూడా అదే.

ఇక లక్ష్యాలు రాయడం. మీ పీపీటీ రెండో స్లయిడ్‌లో "డేటా ఇంటిగ్రిటీ ప్రాముఖ్యతపై అవగాహన కల్పించడం" లాంటి వాక్యం ఉంటుంది. డేటా ఇంటిగ్రిటీ అంటే రికార్డులు నమ్మదగినవిగా ఉండటం. అవగాహన కలిగిందో లేదో కళ్లతో చూడలేం. దాని బదులు ఇలా రాసి చూడండి: "తప్పు అంకె రాసినట్టు తెలియగానే, పాత అంకె చదవడానికి వీలుగా ఒక్క గీత కొట్టి, సరైనది రాసి, కారణం, సంతకం, తేదీ వేస్తారు." ఇది మీరు పక్కన నిలబడి చూడగలరు. ఇలాంటివి అయిదారు దొరికితే చాలు.

అవి దొరికాక 92 స్లయిడ్‌లు వరసగా తీసుకుని ఒక్కోదాన్నీ ఇలా అడగండి: ఈ స్లయిడ్ లేకపోతే ఆ ఆపరేటర్ రికార్డులో ఏ తప్పు చేస్తాడు? జవాబు రాకపోతే ఆ స్లయిడ్ కోర్సులో ఉండకూడదు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చరిత్ర, నిర్వచనాలు, అది పంపే వార్నింగ్ లెటర్ల పట్టిక, అన్నీ పోతాయి. మంచి రికార్డు లక్షణాల ఇంగ్లిష్ మొదటి అక్షరాలతో చేసిన ఆల్కోవా అనే మాటలో ఒక్కో అక్షరం దేనికో కంఠస్థం చేయించే స్లయిడ్ కూడా తీసేయండి. ఎవరు రాశారో తెలియాలి, చదవడానికి రావాలి, అప్పటికప్పుడు రాయాలి, మొదట రాసిందే ఉండాలి, నిజమై ఉండాలి. ఈ అయిదూ అతని చేతి అలవాటులో ఉండాలి, అక్షరాల విడమర్పు రాకపోయినా నష్టం లేదు. క్యూఏ హెడ్ గారు తప్పకుండా అభ్యంతరం చెప్తారు, వాళ్ల బాధ్యత అది. వాదన పెట్టుకోకుండా, తీసేసినవన్నీ ఒక పీడీఎఫ్‌గా కోర్సుకి జతచేస్తున్నామని చెప్పండి. నాకు ప్రతిసారీ అది సరిపోయింది.

ఇప్పుడు అసలు పని. మిగిలిన అయిదారు లక్ష్యాల్లో ఒక్కోదానికీ ఒక సన్నివేశం రాయండి. సమాచారం చెప్పి తర్వాత ప్రశ్న అడగడం మనకు అలవాటు. ఇక్కడ ముందు పరిస్థితిలో నిలబెట్టి, అతను ఏదో ఒకటి నిర్ణయించుకున్నాక సమాచారం ఇవ్వండి. ఒక ఉదాహరణ పూర్తిగా రాసి చూపిస్తాను.

"రాత్రి 2:10. బూత్-2లో మీరు లాక్టోజ్ తూకం వేస్తున్నారు. బ్యాలెన్స్ 12.46 కిలోలు చూపించింది. మీరు రికార్డులో 12.64 అని రాశారు. చెక్ చేసే అన్న చూసి 'అంకె తారుమారైంది' అన్నాడు. షిఫ్ట్ అయిపోయేలోపు ఇంకా ఆరు మెటీరియల్స్ ఉన్నాయి. ఏం చేస్తారు?"

కింద నాలుగు దారులు. మొదటిది: 6, 4 మీదే దిద్దేస్తాను, చిన్న తప్పే కదా. రెండోది: ఈ పేజీ తీసేసి కొత్త పేజీ మీద శుభ్రంగా రాస్తాను, ఆడిట్‌లో నీట్‌గా కనబడాలి. మూడోది: గీత కొట్టి 12.46 రాసి, కారణం, సంతకం, తేదీ వేస్తాను. నాలుగోది: ప్రస్తుతానికి చీటీ మీద రాసుకుని, తూకాలన్నీ అయ్యాక సరిచేస్తాను.

తప్పు దారులు మూడూ నేను కల్పించినవి కావు, ఫ్లోర్ మీద నా చెవులతో విన్నవి. "నీట్‌గా కనబడాలి" అన్న మాట ఒక సీనియర్ ఆపరేటర్ నాతో ఎంతో నిజాయితీగా అన్నదే. తప్పు చేసేవాడి మనసులో తిరిగే కారణమే తప్పు జవాబులో కనబడాలి. అప్పుడే అతను ఆగి ఆలోచిస్తాడు. ఎవరూ ఎంచుకోని జవాబు పెడితే ఆ ప్రశ్న వృథా. అలాగే సరైన జవాబు మిగతా వాటికంటే పొడుగ్గా ఉండకుండా చూసుకోండి. మనవాళ్లు చదవకుండా పొడుగాటిదాన్ని నొక్కడం చాలాసార్లు చూశాను.

ఎంచుకున్న తర్వాత ఏం జరుగుతుందన్నది ఇంకా ముఖ్యం. "తప్పు! మళ్లీ ప్రయత్నించండి" అని ఎర్ర అక్షరాల్లో రావడం వల్ల అతను నేర్చుకునేది ఏమీ లేదు, ఇంకోటి నొక్కడం తప్ప. జరగబోయేదాన్ని చూపించండి. పేజీ తీసేస్తానన్న వాడికి తర్వాతి స్క్రీన్ ఇలా రావాలి: "ఉదయం 9:30. క్యూఏ వాళ్లు ఇచ్చిన పేజీలు లెక్కపెట్టారు. ఒకటి తక్కువ. మిమ్మల్ని ఇంటి నుంచి పిలిపించారు. అంకె తారుమారు అన్న చిన్న విషయం ఇప్పుడు రికార్డు మాయం అన్న కేసు అయింది. బ్యాచ్ ఆగిపోయింది." చీటీ అన్నవాడికి, ఆ చీటీ చెత్తబుట్టలో దొరకడం. ఇన్‌స్పెక్టర్లు చెత్తలోంచి చించిన రికార్డులు బయటికి తీసిన సందర్భాలు ఎఫ్‌డీఏ ప్రచురించిన తనిఖీ పత్రాల్లోనే ఉన్నాయి, కాబట్టి అది భయపెట్టడానికి కల్పించిన కథ కాదు. సరైన దారి ఎంచుకున్నవాడికి కూడా "శభాష్" ఒక్కటే సరిపోదు. అది ఎందుకు సరైందో రెండు వాక్యాల్లో చెప్పండి, ఊహించి నొక్కినవాళ్లు ఉంటారు.

సన్నివేశం అయ్యాక స్క్రీన్ వదిలేయాలి. ఖాళీ రికార్డు పేజీ ఒకటి "శిక్షణ కోసం మాత్రమే" అని ముద్ర వేసి, కంట్రోల్డ్ కాపీతో (క్యూఏ లెక్కపెట్టి ఇచ్చే అసలు పేజీతో) కలవకుండా క్యూఏ అనుమతితో ప్రింట్ చేయించండి. దాని మీద అతను నిజంగా పెన్నుతో ఒక తప్పు దిద్దాలి. షిఫ్ట్ సూపర్‌వైజర్ చూసి సంతకం పెట్టాలి. ఆన్‌లైన్ ట్రైనింగ్ అన్నారు కదా అని అన్నీ తెర మీదే జరగనక్కర్లేదు. చేతితో చేసే పనిని చేతితోనే సాధన చేయించాలి.

కొత్తగా చేరిన హెల్పర్‌కీ, పదిహేనేళ్ల సర్వీసున్న ఆపరేటర్‌కీ ఒకటే కోర్సు పెట్టొద్దు. విద్యా మనస్తత్వవేత్త జాన్ స్వెల్లర్ 1988 నుంచి చెప్తూ వచ్చిన కాగ్నిటివ్ లోడ్ సిద్ధాంతంలో మనకు బాగా అక్కరకొచ్చే భాగం ఇదే. మనసు ఒకేసారి పట్టుకోగలిగింది కొంచెమే. కొత్తవాడిని సరాసరి సమస్యలోకి తోస్తే ఆ కొంచెం చోటూ తడబాటుకే పోతుంది. అతనికి ముందు సరిగా నింపిన పేజీ ఒకటి చూపించి ఒక్కో గడి ఎందుకలా ఉందో చెప్పాలి. తర్వాత సగం నింపిన పేజీ ఇచ్చి మిగతాది నింపమనాలి. ఆపైన ఖాళీ పేజీ. ఇదే క్రమాన్ని అనుభవజ్ఞుడికి పెడితే మాత్రం అతనికి అడ్డమవుతుంది, తెలిసిందే మళ్లీ వినాల్సి వచ్చి మనసు పెట్టడు. పెద్దవాళ్లకి సన్నివేశాలు నేరుగా ఇచ్చేయండి. అన్నీ సరిగా చేస్తే పన్నెండు నిమిషాల్లో వెళ్లిపోవచ్చని ముందే చెప్పండి. వాళ్ల అనుభవాన్ని మీరు గౌరవించారని వాళ్లకు తెలుస్తుంది, తర్వాత వాళ్లే మిగతావాళ్లకు సాయం చేస్తారు.

తెర మీద ఏం కనబడాలి అన్నదానికి రిచర్డ్ మేయర్ అనే కాలిఫోర్నియా ప్రొఫెసర్ చేసిన ప్రయోగాలు చాలా ఉన్నాయి. మీకు రెండు చాలు. తెర మీద ఉన్న పేరానే వాయిస్‌లో చదివి వినిపించొద్దు. కన్ను ఒక వేగంతో చదువుతుంది, చెవి ఇంకో వేగంతో వింటుంది, రెండూ పేచీ పడతాయి. రికార్డు పేజీ ఫొటో పెద్దగా పెట్టండి, దాని గురించి మాట వినిపించండి, తెర మీద గుర్తుంచుకోవలసిన రెండు మూడు మాటలే ఉంచండి. రెండోది, సంబంధం లేనివి తీసేయండి. నవ్వుతున్న డాక్టర్ ఫొటో, గిర్రున తిరిగే గ్లోబు, వెనక సంగీతం, ఇవన్నీ. స్టాక్ ఫొటోల బదులు మీ ప్లాంటు లాగ్‌బుక్‌నే ఫొటో తీసి వాడండి, అయితే అందులో బ్యాచ్ నంబర్లు, మనుషుల సంతకాలు కనబడకుండా చూసుకుని, ముందు అనుమతి తీసుకోండి.

భాష విషయంలో నా అభిప్రాయం గట్టిది. కోర్సు తెలుగులో ఉండాలి, కానీ ఫ్లోర్ మీద మాట్లాడే తెలుగులో. "లైన్ క్లియరెన్స్" (కొత్త బ్యాచ్‌కి ముందు పాతదాని ఆనవాళ్లు లేవని చూసుకోవడం) అన్న మాట ఫ్లోర్ మీద అందరికీ తెలుసు. దాన్ని "ఉత్పాదక శ్రేణి నిర్మూలన ధ్రువీకరణ" అని రాసిన కోర్సు ఒకటి నాకు రివ్యూకి వచ్చింది. ఆ మాట చూసి ఎవరికైనా ఏం అర్థమవుతుంది? రికార్డు ఇంగ్లిష్‌లో ఉంటుంది కాబట్టి గడుల పేర్లు రికార్డు మీద ఎలా ఉన్నాయో అలాగే చూపించి, పక్కన మాటల్లో తెలుగులో చెప్పండి. మీ దగ్గర ఒడిశా, బిహార్ నుంచి వచ్చిన కాంట్రాక్ట్ కార్మికులు ఉంటే, వాళ్ల మాట కూడా ఇప్పుడే ఆలోచించండి. తెలుగు రానివాళ్లను పక్కన కూర్చున్నవాడు చెప్పిన జవాబులు నొక్కమనడం ట్రైనింగ్ అవదు. హిందీ వాయిస్ ఒకటి చేర్చడం పెద్ద ఖర్చు కాదు, సన్నివేశాలు తక్కువ ఉంటాయి కాబట్టి.

ఇక మరిచిపోవడం గురించి. నాకు ఈ రంగంలో అన్నిటికన్నా నమ్మకం ఉన్న సూత్రం ఇదే, అన్నిటికన్నా తక్కువ వాడుకలో ఉన్నదీ ఇదే. జర్మనీలో హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ 1885లోనే తన మీద తానే ప్రయోగం చేసుకుని, నేర్చుకున్నది మొదటి గంటల్లో, రోజుల్లో ఎంత వేగంగా జారిపోతుందో చూపించారు. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పిక్ అనే ఇద్దరు పరిశోధకులు విద్యార్థుల చేత ఒక పాఠం చదివించారు. కొందరు దాన్ని మళ్లీ చదివారు. కొందరు మళ్లీ చదవకుండా గుర్తున్నంత రాశారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు, 81 శాతానికి 75 శాతం. వారం తర్వాత అడిగితే లెక్క తిరగబడింది. మళ్లీ చదివినవాళ్లకు గుర్తున్నది 42 శాతం, గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకు 56 శాతం.

ఇది మన పనికి ఎలా పనికొస్తుందో చూడండి. కోర్సు అయిన వెంటనే పెట్టే క్విజ్ ఆ అయిదు నిమిషాల పరీక్ష లాంటిది. అందులో 98 శాతం వచ్చిందంటే నెల తర్వాత రాత్రి 2:10కి ఏం చేస్తాడో తెలిసినట్టు కాదు. కాబట్టి మీ కోర్సును ఒక్క రోజులో ముగించకండి. మొదటి రోజు ఇరవై నిమిషాలు. మూడో రోజు ఒక్క సన్నివేశం, కొత్తది. పదో రోజు ఇంకోటి. నెల తర్వాత రెండు. వీటికి కంప్యూటర్ కూడా అక్కర్లేదు, షిఫ్ట్ మారేటప్పుడు సూపర్‌వైజర్ కార్డు తీసి చదివి "నువ్వైతే ఏం చేస్తావు?" అని అడిగితే మూడు నిమిషాల పని. నేను కార్డులు లామినేట్ చేయించి ఇచ్చాను. మొదట్లో సూపర్‌వైజర్లు టైం లేదన్నారు. ఒక నెల తర్వాత ప్యాకింగ్ సెక్షన్ సూపర్‌వైజర్ ఒకరు తనంతట తాను వచ్చి, తన సెక్షన్‌లో జరిగిన తప్పుతో కొత్త కార్డు రాసిచ్చారు. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఏ సర్టిఫికెట్ల ఫైలూ ఇవ్వలేదు.

ఆడిటర్ ఏమంటారో అన్న టెన్షన్ మీ మేనేజర్‌కి ఉంటుంది. అమెరికా నిబంధన 21 సీఎఫ్‌ఆర్ 211.25 చదివి చూపించండి. ట్రైనింగ్ అర్హత ఉన్నవాళ్లు ఇవ్వాలి, నిరంతరంగా జరగాలి, తగినంత తరచుగా ఉండాలి అని అందులో ఉంది. ఏడాదికొకసారి 92 స్లయిడ్‌లు చూపించడం కంటే, తేదీలతో నాలుగుసార్లు జరిగిన సాధన రికార్డు, సంతకం పెట్టిన శిక్షణ పేజీతో సహా, ఆ మాటకు ఎంతో దగ్గరగా ఉంటుంది. మీ ఎస్ఓపీలో (పని పద్ధతి రాసి ఉంచిన పత్రంలో) ట్రైనింగ్ ఎలా నమోదు చేయాలని ఉందో దానికి తగ్గట్టు ఈ పద్ధతిని రాతపూర్వకంగా చేర్పించడం మాత్రం మరిచిపోకండి.

మీరు చదివిన వ్యాసాల్లో రెండు విషయాలు తప్పకుండా ఎదురై ఉంటాయి, వాటిని పట్టించుకోకండి. మనుషుల్లో చూసి నేర్చుకునేవాళ్లు, విని నేర్చుకునేవాళ్లు, చేసి నేర్చుకునేవాళ్లు వేరువేరుగా ఉంటారని, ఎవరి పద్ధతిలో వాళ్లకు చెప్పాలని అంటారు. 2008లో మనస్తత్వ శాస్త్రవేత్త పాష్లర్, ఆయన సహచరులు ఉన్న పరిశోధనలన్నీ జల్లెడపట్టి, అలా విడగొట్టి నేర్పడానికి తగిన ఆధారం లేదని తేల్చారు. ఇంకోటి, చదివిందాంట్లో 10 శాతం, విన్నదాంట్లో 20 శాతం గుర్తుంటుందన్న పిరమిడ్ బొమ్మ. అది అమెరికా విద్యావేత్త ఎడ్గర్ డేల్ 1946లో వేసిన బొమ్మ పేరు మీద తిరుగుతోంది, ఆయన వేసిన బొమ్మలో అంకెలే లేవు.

సాఫ్ట్‌వేర్. మీకు ఇప్పటికే ఎల్ఎంఎస్ (ఆన్‌లైన్ కోర్సులు నడిపే సిస్టమ్) ఉంటే దానిలోనే నడిచేది వాడండి, లేకపోతే అలాంటిదే మూడుల్ ఉచితం, సన్నివేశాలు తయారుచేయడానికి హెచ్5పీ అనే టూల్ సరిపోతుంది. స్టోరీలైన్ లాంటి కోర్సు తయారీ సాఫ్ట్‌వేర్ కొంటే తప్పేం లేదు, కానీ కొన్నంత మాత్రాన సన్నివేశం బాగుపడదు. ఒక చిక్కు గురించి హెచ్చరిస్తాను. కోర్సును స్కార్మ్ 1.2 (కోర్సు ఎల్ఎంఎస్‌లో నడవడానికి వాడే ఫార్మాట్)లో పబ్లిష్ చేస్తే, ఎక్కడ ఆపారో గుర్తుపెట్టుకోవడానికి దానికి 4096 అక్షరాల చోటే ఉంటుంది. కోర్సు పెద్దదై ఆ హద్దు దాటితే, మధ్యలో ఆపినవాడు తిరిగి వచ్చినప్పుడు మొదటికొచ్చేస్తాడు. "సార్, మళ్లీ మొదటి నుంచి వస్తోంది" అని ఇరవై ఫోన్లు వచ్చాక నేను ఇది తెలుసుకున్నాను. ఒక పెద్ద ప్యాకేజీ కాకుండా సన్నివేశానికొకటి చొప్పున చిన్న ప్యాకేజీలు చేయండి.

ఇంకో విషయం, ప్రొడక్షన్ ఏరియాలోకి ఫోన్ తీసుకెళ్లనివ్వరు కదా. అందుకని "ఇంటికెళ్లి ఫోన్‌లో చేసుకోండి" అనేస్తారు. దయచేసి అలా జరగనివ్వకండి. పన్నెండు గంటలు నిలబడి, కంపెనీ బస్సులో ఇంటికెళ్లిన మనిషి తన డేటా ఖర్చు పెట్టుకుని మన కోర్సు చేయాలా? అతను పిల్లవాడి చేతికిచ్చి నొక్కించేస్తాడు, తప్పు అతనిది కాదు. ట్రైనింగ్ రూమ్‌లో నాలుగు ట్యాబ్‌లు, నాలుగు హెడ్‌ఫోన్లు పెట్టించి, షిఫ్ట్ టైములోనే చేయించండి. మనిషికి ఇరవై నిమిషాలే కాబట్టి ప్రొడక్షన్ హెడ్ ఒప్పుకుంటారు. 92 స్లయిడ్‌లైతే ఒప్పుకునేవారు కాదు.

అందరికీ వదిలే ముందు అయిదుగురితో చేయించి చూడండి. పక్కన కూర్చోండి, నోరు మెదపకండి. నాకు ఇది అన్నిటికన్నా కష్టమైన పని. ఒకసారి గ్రాన్యులేషన్‌లో పనిచేసే పెద్దాయన ఒకరు నా కోర్సు చేస్తున్నారు. "ఈ క్రింది వాటిలో ఏది సరికానిది?" అన్న ప్రశ్న వచ్చింది. ఆయన వేలు తెర మీద ఒక్కో జవాబు కింద ఆనించుకుంటూ, పెదవులు కదుపుతూ చదివారు. చదివి సరైన పద్ధతినే నొక్కారు. తప్పు అని వచ్చింది. మళ్లీ చదివి మళ్లీ అదే నొక్కారు. మూడోసారి చెయ్యి వెనక్కి తీసుకుని, "నాకు రాదులెండి సార్" అన్నారు. ముప్పై ఏళ్లుగా రికార్డు తప్పు లేకుండా రాస్తున్న మనిషి. ప్రశ్నలో "కాని" అన్న ఒక్క ముక్క ఆయన చేత ఆ మాట అనిపించింది. ఆ రాత్రే కూర్చుని అలాంటి ప్రశ్నలన్నీ తీసేశాను, ఆ తర్వాత ఎప్పుడూ రాయలేదు. మీ అయిదుగురిలో ఇలా నెమ్మదిగా చదివేవాళ్లు ఇద్దరైనా ఉండేలా చూసుకోండి.

ఫలితం కొలవడానికి, మొదటి వారం మీరు తెచ్చుకున్న చీటీలే కొలమానం. ట్రైనింగ్ నిపుణుడు డొనాల్డ్ కర్క్‌పాట్రిక్ 1959లో ట్రైనింగ్‌ను నాలుగు అంచెల్లో కొలవాలన్నారు. నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో చేస్తున్నారా, సంస్థకు మేలు జరిగిందా. మనం ఫీడ్‌బ్యాక్ ఫారంతో, క్విజ్‌తో మొదటి రెండింటి దగ్గరే ఆగిపోతాం. మీకు మూడోది చేతిలోనే ఉంది. వంద బ్యాచ్ రికార్డు పేజీల్లో మీద దిద్దినవి ఎన్ని, సంతకం లేనివి ఎన్ని, టైము పొంతన లేనివి ఎన్ని. కోర్సుకు ముందు ఒకసారి, రెండు నెలల తర్వాత ఒకసారి అదే పద్ధతిలో లెక్కపెట్టండి. లాగ్‌బుక్ స్టాండు లాంటి మార్పులు ఏ తేదీన జరిగాయో కూడా రాసుకోండి, లేదంటే తగ్గింది కోర్సు వల్లో స్టాండు వల్లో తేల్చుకోలేరు. గీత కొట్టి సరిచేసినవి మొదట్లో పెరగొచ్చు. అది మంచి కబురు, దాచడం మానేశారని అర్థం. ఈ సంగతి మేనేజర్‌కి ముందే చెప్పి ఉంచండి, లేకపోతే అంకె చూసి కంగారు పడతారు.

మూడు వారాలు చాలవని మీకు అనిపిస్తే, పనిని ఇలా పంచుకోండి. మొదటి వారం చీటీలు, ఫ్లోర్, మేనేజర్‌తో మాట. రెండో వారం రెండే రెండు సన్నివేశాలు, డిస్పెన్సింగ్‌కి ఒకటి, మీ చీటీల్లో ఎక్కువ వచ్చిన సెక్షన్‌కి ఒకటి, కాగితం మీద రాసి అయిదుగురితో చదివించడం. మూడో వారం వాటిని సిస్టమ్‌లో పెట్టి ఒక్క షిఫ్ట్‌తో మొదలుపెట్టడం. మిగతా సన్నివేశాలు నెలకొకటి చొప్పున చేర్చుకోవచ్చు, మూడో రోజు, పదో రోజు, నెల తర్వాత ఇచ్చేవాటికి ఎలాగూ కొత్తవి కావాలి. రెండో వారంలో రాసిన సన్నివేశాన్ని క్యూఏ హెడ్ గారికి చూపించే ముందు నైట్ షిఫ్ట్‌లో ఉన్న ఒక ఆపరేటర్‌కి చదివి వినిపించండి. "మా దగ్గర ఇట్లనే అయితది సార్" అని అతను అంటే, ఆ తర్వాత తీసుకెళ్లండి.